తోలుబొమ్మల తెరయు, నేటి పలుచని తెరయు



నేటి ప్రసంగమునకు విషయము గోడమీద పటమువలె తగిలించుకొను పలుచని తెర టెలివిజను. ఇది యిప్పుడు పల్లెయందును బస్తీయందును ఇంటింట నున్నది. దినమునకు మూడు నాలుగు గంటలు దాని యెదుట కూర్చుండు పెద్దలను మా కొల్లిపరలో పెక్కుమందిని నేనెఱుగుదును; నేనును వారిలో నొకడను. అయినను ఆ పలుచని పలకలో బొమ్మ యెట్లు పుట్టుచున్నదో, ఈ రూపము దాల్చుటకు ముందు అది యెంతమంది చేతులు మాఱి వచ్చినదో తెలిసినవారు మనలో కొలదిమందియే. యంత్రముల సంగతి యంత్రశాస్త్రజ్ఞులు చూచుకొందురు, వయసు మీఱిన మనకు దానితో నేమి పని యని యొకరడుగవచ్చును. పని గలదు. ధర చెల్లించువారము మనము. తగ్గిపోవుచున్న చూపును దాని యెదుట నిలుపువారము మనము. సాయంకాలము ఇంటిల్లిపాదియు నొకచోట చేరుటయో, తలకొక మూలకు పోవుటయో కొంతవఱకు దాని మీదనే యాధారపడియున్నది. కావున దాని పుట్టుపూర్వోత్తరములు తెలిసికొనుట పెద్దలకు తగిన పనియే.

నేను యంత్రవిద్య చదివినవాడను గాను. వ్యాకరణమును కావ్యములను చదివి, బడిపిల్లలకు తెలుగు చెప్పి విరామము పొందినవాడను. ఈ విషయమును కొంత పఠించి, తెలిసినవారి నడిగి, విచారించిన పిమ్మట నాకొక సంగతి తోచినది. మన తోలుబొమ్మలాట నెఱిగినవానికి ఈ పలుచని తెర బొత్తిగా క్రొత్తది కాదు. ఆ మాటనే నేడు మీకు విన్నవింపదలచితిని.

తోలుబొమ్మలాట తెలుగుదేశమున చాల ప్రాచీనమైన విద్య. పాల్కురికి సోమనాథుని పండితారాధ్యచరిత్రమునందే బొమ్మలాటల ప్రసక్తి గలదు. శ్రీ సత్యసాయి జిల్లాలోని నిమ్మలకుంటలో నీ విద్య నేటికిని జీవించియున్నది. ఆ యూరి కళాకారులు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ పురస్కారము లభించినది. ఈ యాటకు ముఖ్యాంగములు నాలుగు. వెనుక దీపము, ముందు తెల్లని గుడ్డ, ఆ రెంటి నడుమ పలుచగా గీకి రంగులద్దిన తోలుబొమ్మ, బొమ్మను కదపు పుల్ల. బొమ్మకు తనంతట వెలుగు లేదు. వెలుగు దీపమునది. బొమ్మ చేయు పని యొక్కటియే: దీపపు వెలుగులో కొంత యాపును, కొంత పోనిచ్చును, పోనిచ్చినదానికి రంగునిచ్చును. ఎఱ్ఱరంగద్దినచోట ఎఱుపు మాత్రమే బయటికి వచ్చును. దట్టముగా నల్లరంగు పూసినచోట ఏమియు రాదు. చూచువానికి మాత్రము రాముడును, రావణుడును, బంగారక్కయు, కేతిగాడును తామే వెలుగుచున్నట్లు తోచుదురు. ఈ సూత్రమును మనసున నుంచుకొనుడు. మరల దీనికడకే వచ్చెదము.

టెలివిజను మొదట పుట్టినప్పుడు ఈ మార్గమున పుట్టలేదు. 1897లో జర్మనీ శాస్త్రజ్ఞుడగు కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్, గాలి తీసివేసిన గాజుబుడ్డిలో ఎలక్ట్రానుల కిరణమును నడిపించి, అది తాకినచోట వెలుగు పుట్టునట్లు చేసెను. 1926 జనవరిలో జాన్ లోగీ బెయిర్డ్ అనునతడు లండనులో రంధ్రములు గల తిరుగు చక్రముల సాయమున, కదలు బొమ్మను ఒక గదినుండి వేఱొక గదికి పంపి పండితులకు చూపెను. 1927లో అమెరికాలో ఫైలో ఫార్న్స్‌వర్త్ అను యువకుడు చక్రములతో పనిలేక ఎలక్ట్రాను కిరణముతోనే బొమ్మను పట్టి పంపుటకు దారి తీసెను. అది మొదలు ఇరువదవ శతాబ్ది ముగియువఱకు ఇండ్లలో వెలసినది బ్రౌన్ బుడ్డి సంతతియే.

ఆ బుడ్డి పనిచేయు తీరు తాటాకుపై గంటముతో వ్రాయు లేఖకుని పనివంటిది. బుడ్డి మెడలోనుండి ఎలక్ట్రాను కిరణమను గంటము బయలుదేరును. అయస్కాంతశక్తి దాని నటునిటు త్రిప్పును. ఎడమనుండి కుడికి ఒక పంక్తి గీచి, మరల మొదటికి వచ్చి మఱియొక పంక్తి గీయును. మనదేశపు పద్ధతిలో ఒక బొమ్మకు 625 పంక్తులు. సెకనునకు 25 బొమ్మలు. గాజు లోపల పూసిన పొడి కిరణము సోకినంతనే వెలిగి, అంతలోనే యాఱిపోవును. ఏ క్షణమునందును తెరయంతయు నొక్కమాఱే వెలిగియుండుట లేదు. మన కన్నే ఆ వెలుగును నిలుపుకొని పూర్ణమైన బొమ్మగా కూర్చుకొనును. తోలుబొమ్మలాటకును దీనికిని గల భేదము చూడుడు. ఇక్కడ వెనుక దీపము లేదు. నడుమ తోలు లేదు. తెరయే వెలుగును పుట్టించుచున్నది.

ఇక నిది మన తెలుగునాటికి వచ్చిన వృత్తాంతము. భారతదేశమున 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగరూపమున టెలివిజను ప్రసారములు మొదలయినవి. తెలుగు పల్లెలు దానిని చూచినది 1975లో. విక్రమ్ సారాభాయ్‌గారు సంకల్పించిన యొక మహాప్రయోగము, ఆయన 1971లో దివంగతులైన పిమ్మట, 1975 ఆగస్టు 1న ఆరంభమై 1976 జులై 31 వఱకు నడచినది. అమెరికావారి ఏటీఎస్-6 అను ఉపగ్రహమునుండి, ఆంధ్రప్రదేశము మొదలుగా గల ఆఱు రాష్ట్రములలోని రమారమి 2,400 పల్లెలకు నేరుగా బొమ్మలను పంపిరి. ఆ ప్రసారభాషలలో తెలుగు నొకటి. ఆ పల్లెలలో నుంచిన టెలివిజను పెట్టెలను తయారుచేసినది హైదరాబాదులోని ఈసీఐఎల్ సంస్థ. 1967లో ఏర్పడిన యా సంస్థకు మూలపురుషులు పశ్చిమగోదావరి మండలమున మోగల్లులో జన్మించిన అయ్యగారి సాంబశివరావుగారు. ఊరికొక్కటే పెట్టె, ఊరంతయు దాని యెదుట కూర్చుండెడిది. పిమ్మట 1977 అక్టోబరు 23న హైదరాబాదు దూరదర్శన కేంద్రము వెలసినది. 1982లో దేశమున రంగుల ప్రసారములు వచ్చినవి. 1987 జనవరినుండి 1988 జులై వఱకు ఆదివారమునాడు రామాయణము ప్రసారమగుచున్నప్పుడు వీథులు నిర్మానుష్యమగుట మీకును జ్ఞాపకముండును.

ఆ దినములలో నేను క్రొత్తగా ఉద్యోగమున చేరినవాడను. టెలివిజనున్న యింటి వసారాలో నలువదిమంది చేరుట నేను పలుమాఱులు చూచితిని. తెర ఇరువది అంగుళములు. ముందున్న పిల్లలకు హనుమంతుడు కనబడెను. వెనుక నిలుచున్న పెద్దలకు హనుమంతుని తోకయో, ముందువాని తలయో తెలియరాకుండెను. పెద్ద తెర యేల చేయరని యప్పుడు పలువురడిగిరి. సమాధానము ఆ బుడ్డిలోనే యున్నది. తెర పెద్దదగుకొలది కిరణము తిరుగుటకు బుడ్డి లోతు పెరుగవలయును. లోపల గాలి లేదు గనుక బయటి గాలియొత్తిడికి పగిలిపోకుండ గాజు దళసరి కావలయును. అందుచేత ఒక మేరకు మించిన తెర యింటి ద్వారమున పట్టదు, ఇద్దఱు మనుష్యులు మోయలేరు. ఇంతేకాక రంగుల బుడ్డిలో ఇరువదివేల వోల్టులకు పైబడిన విద్యుత్తు నిలిచియుండెడిది. బొమ్మ వెలిగి యాఱుటచేత సూక్ష్మమైన మినుకుమినుకు కలిగి, కొందఱకు కనులు బడలెడివి. తెర పెరుగవలెనన్న బుడ్డిని విడిచి వేఱొక మార్గము వెదకవలసి వచ్చెను. ఆ మార్గము తోలుబొమ్మలవాని మార్గమే యగుట వింత.

ఆ మార్గమునకు బీజము మాత్రము బ్రౌన్ బుడ్డికంటెను ముందే పడియుండెను. 1888లో ఫ్రీడ్రిష్ రైనిట్సర్ అను ఆస్ట్రియాదేశపు వృక్షశాస్త్రజ్ఞుడు ప్రాగు నగరమున క్యారెట్టు దుంపలనుండి తీసిన యొక పదార్థమును పరీక్షించుచుండెను. దానిని వేడిచేయగా 145.5 డిగ్రీలకడ కరగినది. కాని కరగిన ద్రవము మజ్జిగవలె మసకగా నుండెను. ఇంకను వేడిచేయగా 178.5 డిగ్రీలకడ నా మసక విడిపోయి నీరువలె తేఱినది. ఒక వస్తువు రెండుమాఱులు కరగుట యెట్లు? జర్మనీవాడగు ఒట్టో లేమన్ దీనిని శోధించి, ఈ నడిమి స్థితి ద్రవమును గాదు, ఘనమును గాదు, రెంటి లక్షణములును గలదని తేల్చెను. దీనికే ద్రవస్ఫటికమని పేరు వచ్చినది. మన కాలువలో తేలు గడ్డిపరకలను తలచుకొనుడు. నీటితో పాటు కదలుచునే యుండును. అయినను పరకలన్నియు ప్రవాహము వైపునకే మొగమై యుండును. ద్రవస్ఫటికములోని అణువులును నట్టివే. పాఱును, కాని వరుస తప్పవు. ఎనుబదియేండ్లపాటు ఇది పండితులకు వింతవస్తువుగానే యుండి, ఇండ్లలోనికి రాలేదు.

1968లో అమెరికాలో జార్జి హైల్‌మయర్ బృందము ద్రవస్ఫటికముతో బొమ్మలు చూపవచ్చునని ప్రకటించెను. 1970 డిసెంబరులో స్విట్జర్లాండులో మార్టిన్ షాట్, వుల్ఫ్‌గాంగ్ హెల్‌ఫ్రిష్ అనువారు నేటి తెరలకు మూలమైన ఉపాయమును పేటెంటు చేసిరి. ఆ కాలముననే అమెరికాలో జేమ్స్ ఫెర్గసన్ అనునతడును అదే యుపాయమును కనిపెట్టెను. అటుపిమ్మట ఇంగ్లండులోని హల్ విశ్వవిద్యాలయమున జార్జి గ్రే, సాధారణమైన వేడియందే చెడక నిలుచు ద్రవస్ఫటికములను తయారుచేసెను. 1973 నాటికి లెక్కలుకట్టు చిన్నయంత్రములకు ఇట్టి తెరలు అమరినవి.

ఆ యుపాయమెట్టిదో చెప్పెదను. నిలువు ఊచల కిటికీ యొకటి యున్నదనుకొనుడు. తాటాకును నిలువుగా పట్టిన ఊచలనడుమ దూరును. అడ్డముగా పట్టిన దూరదు. వెలుగునకును అలలుగా కంపించు గుణమున్నది. కొన్ని పలుచని పొరలు నిలువుగా కంపించు వెలుగునే పోనిచ్చి, అడ్డముగా కంపించుదాని నాపివేయును. ఇప్పుడు నిలువు ఊచల కిటికీ వెనుక అడ్డు ఊచల కిటికీ నుంచితిమి. మొదటిదానిని దాటివచ్చిన తాటాకు రెండవదానికడ నాగిపోవును గదా. కాని యా రెండు కిటికీల నడుమ నొకడు నిలుచుండి, వచ్చిన తాటాకును పావువంతు మెలిపెట్టి యందించినయెడల, అది రెండవ కిటికీలో సులువుగా దూరును. ద్రవస్ఫటికము చేయు పని యిదియే. రెండు పొరల నడుమ అది మెట్లదారివలె మెలితిరిగి నిలిచి, వెలుగును మెలిపెట్టి దాటించును. దానికి స్వల్పముగా విద్యుత్తు సోకించినంతనే అణువులు లేచి నిలుచుండును, మెలిక పోవును, వెలుగాగును. సగము విద్యుత్తిచ్చిన సగము వెలుగు. ఇన్ని పనులు చేయు ద్రవస్ఫటికపు పొర తలవెండ్రుక మందములో పదియవ వంతునకు మించదు. నేటి తెరలలో మెలికవేయు విధము పలుతెఱగులై యున్నను మూలసూత్రమిదియే.

ఇప్పుడు కృష్ణానది చెంతనున్న మనకు సులభముగా బోధపడు నుపమానము చెప్పెదను. విజయవాడయొద్ద ప్రకాశం బ్యారేజికి 70 తలుపులున్నవి. నీరు బ్యారేజి పుట్టించినది కాదు, ఎగువనుండి వచ్చినది. తలుపు ఎత్తినంత నీరు దిగువకు పోవును, దించిన నాగును. పలుచని తెరయందును నట్లే వెనుక దీపపు వెలుగు నిండియున్నది, ముందు తలుపులున్నవి. ఎన్ని తలుపులు? అడ్డముగా 1,920, నిలువుగా 1,080 చుక్కలు గల తెరలో మొత్తము 20,73,600 చుక్కలు. చుక్కకు ఎఱుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు రంగుల గాజులకు మూడు తలుపులు. అనగా 62,20,800 తలుపులు. ఆ మూడు రంగుల పాళ్లు మార్చుటచేతనే సమస్తవర్ణములును కనబడును. తోలుబొమ్మపై నద్దిన రంగు చేయు పనినే ఇక్కడ రంగుగాజు చేయుచున్నది.

ఇన్ని తలుపులను ఎత్తించువారెవరు? కాలువ తూములకడ లస్కరులున్నట్లే ప్రతి తలుపుకడను ఒక సూక్ష్మమైన ట్రాన్సిస్టరు లస్కరుగా నున్నది. 1970వ దశకారంభమున అమెరికాలో పీటర్ బ్రోడీ అనునతడు ఈ యేర్పాటు చేసి చూపెను. 1979లో స్కాట్లండులోని డండీ విశ్వవిద్యాలయమున వాల్టర్ స్పియర్, పీటర్ లెకోంబర్ అనువారు గాజుపై సిలికాను పూతతోనే చవుకగా ట్రాన్సిస్టరులు చేయు మార్గము కనుగొనిరి. 1988లో జపానుదేశపు షార్ప్ సంస్థ 14 అంగుళముల రంగుల తెరను చూపగా, బుడ్డికి దినములు మూడినవని లోకము గ్రహించెను. ఇక్కడ నొక విశేషము గలదు. లస్కరు తనకు మరల నాజ్ఞ వచ్చువఱకు తలుపును ఎత్తినయెత్తుననే నిలిపియుంచును. కావున బుడ్డిలోవలె వెలుగు వెలిగి యాఱుట లేదు. బుడ్డితెరనాటి మినుకు పోయినది ఇందుచేతనే.

ఈ చరిత్రలో మనదేశమునకును భాగమున్నది. తొలినాటి పలుచని తెరలకు నొక దోషముండెడిది: ఎదుట కూర్చుండినవానికి బొమ్మ స్పష్టముగా నుండును, ప్రక్కనున్నవానికి రంగులు తలక్రిందులగును. బెంగుళూరులోని రామన్ పరిశోధనాలయమున ఎస్. చంద్రశేఖర్‌గారును, ఆయన సహచరులును 1977లో ఒక క్రొత్తజాతి ద్రవస్ఫటికమును కనుగొనిరి. అంతవఱకు తెలిసిన ద్రవస్ఫటికములు పుల్లలవంటి అణువులు గలవి. వీరు కనుగొనినది నాణెములవలె బల్లపరుపైన అణువులు గలది. కొన్నియేండ్లకు జపానుదేశపు ఫ్యూజీ సంస్థ ఇట్టి నాణెపుటణువులతో నొక పలుచని పొరను తయారుచేసి తెరలకంటింపగా, ప్రక్కనుండి చూచువారికిని బొమ్మ చెడకుండ నిలిచినది. తెరలోని స్ఫటికముల నమర్చు తీరు మార్చియు ఇతరులు ఆ దోషమును తొలగించిరి. గదిలో ఎదుటిచోటు మనుమలకు విడిచి గోడవార మంచముమీద కూర్చుండు మనవంటివారికి ఈ శోధన యెంత యుపకారమో వేఱుగ చెప్పనక్కఱలేదు. గుంటూరునకును విజయవాడకును నడుమనున్న నాగార్జున విశ్వవిద్యాలయమునందును ద్రవస్ఫటికములపై పరిశోధనలు సాగినవని మన మండలమువారు గుర్తుంచుకొనదగును.

ఇక వెనుకనుండు దీపము సంగతి. మొదట నా దీపము సన్నని ట్యూబులైటు. పిమ్మట దాని స్థానమున ఎల్‌ఈడీ అను చిన్నదీపములు వచ్చినవి. ఎఱుపు, ఆకుపచ్చ దీపములు ముందే యున్నను, ప్రకాశవంతమైన నీలిదీపము చాలకాలము చిక్కలేదు. అది లేనిదే తెల్లని వెలుగు రాదు. జపానువారగు అకసాకి, అమానో, నకమురా అనువారు 1990వ దశకమున దానిని సాధించి, 2014లో నోబెల్ బహుమానమందిరి. కావున అంగడిలో ఎల్‌సీడీ యనియు ఎల్‌ఈడీ యనియు రెండు పేర్లు చెప్పినప్పుడు అవి రెండు జాతులని తలపకుడు. రెండును ద్రవస్ఫటికపు తెరలే. దీపము మాత్రమే భేదము. క్యూఎల్‌ఈడీ యని చెప్పునదియు సాధారణముగా నా జాతిదే. రంగులు శుద్ధముగా వచ్చుటకు నొక సూక్ష్మకణముల పొర దానికి చేర్చిరి. ఓఎల్‌ఈడీ మాత్రము వేఱు. 1987లో అమెరికాలో చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్‌స్లైక్ అనువారు ప్రకటించిన శోధనము దానికి మూలము. దానిలో వెనుక దీపము లేదు; దీపావళినాటి ప్రమిదలవరుసవలె ప్రతి చుక్కయు తానే వెలుగును, నలుపు కావలసినచోట తానే యాఱును. అందుచేత దానియందు నలుపు గాఢము, ధరయు నధికము. వాయువును వెలిగించు ప్లాస్మా తెరలు కొంతకాలము ప్రబలియుండి 2014 ప్రాంతమున తయారీ నిలిచిపోయినవి. పేరు వినగానే ధర చెల్లింపక, వెనుక దీపమున్నదా, చుక్కయే వెలుగునా యని యొక్క ప్రశ్న యడిగినచో అంగడివాడు మనతో జాగ్రత్తగా మాటలాడును.

ఇంటిలో దీనివలన కలుగు మేలును చెప్పెదను. మొదటిది, పెట్టె ఆక్రమించిన మూల మనకు మరల దక్కినది. రెండవది, విద్యుత్తు. 32 అంగుళముల తెర కొంచెమటునిటుగా 50 వాట్లతో నడచును; దానికంటె చిన్నదైన రంగుల బుడ్డి అంతకంటె నెక్కువ త్రాగెడిది. మూడవది, నా దృష్టిలో ముఖ్యమైనది, అక్షరము. మన తెలుగులిపి గుండ్రనిది. గుణింతములును వత్తులును గలది. బుడ్డితెరపై బొమ్మకు పనికివచ్చు పంక్తులు 576 మాత్రమే యగుటచేత చిన్న యక్షరములలో వత్తులు అలుకుకొనిపోయెడివి. నేటి తెరపై 1,080 పంక్తులలో అవి విడివిడిగా కనబడును. ఇది పండితుని చాదస్తమని తలపకుడు. 2024 సెప్టెంబరు మొదటి దినములలో కృష్ణకు వరద వచ్చి ప్రకాశం బ్యారేజి 70 తలుపులును ఎత్తివేయబడి 11 లక్షల క్యూసెక్కులకు పైబడిన నీరు దిగువకు పోయినది. అట్టి వేళ తెరక్రింద పరుగెత్తు వార్తలోని యంకెను, ఊరిపేరును అద్దములు లేకయే చదువగలుగుట లంకలవారికిని కరకట్టవారికిని చిన్నమేలు కాదు.

లోపములును చెప్పకున్న ప్రసంగము న్యాయము కాదు. మొదటిది ధ్వని. తెనాలికడ మోరంపూడిలో జన్మించిన కొంగర జగ్గయ్యగారు ఆకాశవాణి ఢిల్లీనుండి తెలుగువార్తలు చదివినవారు. అట్టి నిండుకంఠము పలుకుటకు స్పీకరునకు చోటుండవలయును. పలుచని పలకలో ఆ చోటు లేదు. స్పీకరులు చిన్నవై, పలుమాఱు క్రిందికో వెనుకకో తిరిగియుండును. అందుచేత మాట తేటగా వినబడక, పెద్దలు ధ్వని పెంచుటయు పిన్నలు విసుగుకొనుటయు జరుగుచున్నది. మన చెవినే దూషింపనేల? వేఱుగ నొక స్పీకరు చేర్చుకొనిన చాలవఱకు తీఱును.

రెండవది ఆకారము. తెరకొలత మూలనుండి మూలకు చెప్పుదురు. పాతబుడ్డి వెడల్పునకును ఎత్తునకును గల పాళ్లు 4:3. నేటి తెరకు 16:9. అందుచేత 32 అంగుళముల నేటి తెర 28 అంగుళముల వెడల్పున్నను ఎత్తు 16 అంగుళములకు లోపే. 21 అంగుళముల బుడ్డికంటె ఎత్తున రమారమి మూడంగుళములే యధికము. కొలత విని మోసపోకుడు. ఇంకను చూడుడు: తెనాలి చక్రపాణిగారు నిర్మాతలలో నొకరైన విజయావారి మాయాబజార్ 1957 నాటిది, పాతపాళ్లలో తీసినది. దానిని తెరనిండ సాగదీసి చూపినచో మన గుంటూరు మండలపు చిఱ్ఱావూరి బిడ్డ సావిత్రి ముఖము మూడవవంతు వెడల్పెక్కును. ప్రక్కల నల్లని పట్టీలున్న నుండనిండు. రిమోటులో పాళ్లు మార్చుకొను మీట గలదు. మనుమని నడిగి సరిచేయించుకొనుడు.

మూడవది వాడుక. తెరకు ఎదురుగా కిటికీ యుండరాదు. ప్రతిబింబము పడి కనులు బడలును. చీకటిగదిలో వెలుగు తగ్గించుకొనవలయును. మూలకొలతకు రెండింతలు మొదలు మూడింతల దూరమున కూర్చుండుట సుఖము. దుమ్మును పొడిగా నున్న మెత్తని గుడ్డతో తుడువవలయునే గాని తెరపై నీరు చల్లరాదు. ఉఱుములు మెఱుపులు పుట్టినప్పుడు తీగలు తీసివేయవలయును.

కడపటి మాట. 1975లో ఊరికొక తెర. 1987లో వీథికొక తెర. ఇప్పుడు ఇంటికొకటి కాదు, అఱచేతికొకటి. చేతిలోని యా ఫోనుతెరయు దీనికి తోబుట్టువే; అందును ద్రవస్ఫటికమో, తానే వెలుగు చుక్కలో యున్నవి. కాని దానిని ఒకడే చూడగలడు. గోడమీది పెద్దతెరను నలువురును ఏమూలనుండియైనను చూడగలుగుటకు శాస్త్రజ్ఞులు ఎన్నియో యేండ్లు శ్రమించిరి. ఆ శ్రమఫలమును మనమే వాడుకొనక, తాత వసారాలోను మనుమడు గదిలోను వేఱువేఱు తెరలకు తలలు వంచుట తగదు. వారమునకొక సాయంకాలమైనను అందఱును గోడమీది తెర యెదుట చేరి, చూచినదానిని గుఱించి మాటలాడుకొనవలయును. తోలుబొమ్మలాటలో పుల్లలు పట్టి యాడించువాడొకడు తెరవెనుక నున్నాడని పసివాడును ఎఱుగును. ఈ గాజుతెర వెనుకను వెలుగెంత పోనిత్తుమో, దేని నాపుదుమో నిర్ణయించువారున్నారు. ప్రకటనయైనను వార్తయైనను ఆ సంగతి మఱవక చూచుట పెద్దలు పిల్లలకు ప్రక్కన కూర్చుండి నేర్పవలసిన విద్య. వేఱొక తెరముందు వేఱుగ కూర్చుండి దానిని నేర్పలేము.